కళ్ళు తెరవని రాజు

ఎల్లప్ప గొప్ప చిత్రకారుడేమీ కాదు. ఆ మాట ఎవరైనా అంటే ముందు తనే నవ్వేవాడు. ఏర్పేడులో నా ఫ్రేముల కొట్టు పక్కనే కూర్చుని, లారీలకు పేర్లు, గుళ్ళకు ద్వారపాలకుల బొమ్మలు రాసుకుని బతికాడు. ఫ్లెక్సీలు వచ్చి అతని నోట్లో మట్టి కొట్టాయి. అయినా ఒక నియమం మాత్రం వదల్లేదు. ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖరున పెట్టాలి. తలకు పోసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా, దీపం వెలిగించి పెట్టాలి. అంతదాకా అది వట్టి రంగేనట. ఆ తర్వాతే ప్రాణం వస్తుందట.

పోయిన ఏడాది చర్చి ఫాదర్ ఒక అచ్చు బొమ్మను ఫ్రేము కట్టమని తెచ్చాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సులో ఎవరో వేసిన చిత్రం. జబ్బుతో చిక్కిపోయిన లూయీ అనే రాజు, మాసిన అంగీ వేసుకున్న సన్యాసి కాళ్ళ దగ్గర మోకరిల్లి దణ్ణం పెడుతున్నాడు. అదే బొమ్మ చర్చి గోడ మీద పెద్దదిగా కావాలన్నాడు. నేనే ఎల్లప్పను చూపించాను.

అతని భార్య తిరుమలమ్మకు అప్పటికే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. డయాలసిస్‌కు తిరుపతి పోయి, తిరిగొచ్చి బస్సు దిగగానే ఇంటికి పోకుండా, ఎల్లప్ప బొమ్మ వేస్తున్న చర్చిలో బల్ల మీద కూలబడేది.

"ఈయన నా మాదిరే ఉండాడు మామా. ఆ సామి బాగు సేసినాడు గదా?" అని గోడ మీది రాజును చూపించి అడిగింది ఒకరోజు.

ఎల్లప్ప పోయి ఫాదర్‌ను అడిగాడు. అడక్కుండా ఉంటే ఎంత బాగుండేది! ఫాదర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయుష్షు పొడిగించమని రాజు ఏడ్చాడట. అది దేవుడి చేతిలో ఉంది, చావుకు సిద్ధపడమన్నాడట సన్యాసి. రాజు పోయాడట. ఆ పూటకు ఒక్క అబద్ధం ఆడితే ఆయన సొమ్మేం పోయింది?

ఎల్లప్ప ఈ సంగతి భార్యకు చెప్పలేదు. సన్యాసికి కళ్ళు పెట్టాడు, వెనకున్న మంత్రులకు పెట్టాడు, రాజుకు మాత్రం పెట్టలేదు.

"ఆయనకీ తెరిపించు మామా. సామిని సూడకుండా ఎట్లా బాగైతాడు?" అనేది తిరుమలమ్మ.

"ఇంగా రంగు ఆరలేదు మే."

రంగు ఎప్పుడో ఆరింది. నాకు ఒళ్ళు మండి తిట్టాను. "రెండు సుక్కలు పెట్టేదానికి నీకేం రోగమప్పా?"

"ప్రాణం పోసినాక వాడు సచ్చేది నేనెట్లా సూసేది చిన్నబ్బన్నా?" అని ముఖం తిప్పుకున్నాడు.

తిరుమలమ్మ మరీ నీరసించింది. ఇంకా అడుగుతుంటే తట్టుకోలేక, రేపు పెడతాలే అన్నాడు. మర్నాడు తెల్లారేసరికి, నిలబడలేని మనిషి గోడ పట్టుకుని లేచి, అతను తలకు పోసుకోవడానికి నీళ్ళు కాచింది. దీపానికి వత్తి వేసింది. ఎల్లప్ప ఆ నీళ్ళ వంక చూశాడు.

"ఈపొద్దు మంచిది కాదు మే," అన్నాడు.

తిరుమలమ్మ గోడ పట్టుకుని మళ్ళీ కూర్చుంది.

"బతకలేదు గదా మామా, ఆ రాజు?"

బతికాడని అబద్ధమన్నా చెప్పలేకపోయాడు ఎల్లప్ప, పిచ్చి చచ్చినోడు. ఆ రోజు నుంచి తిరుమలమ్మ తిరుపతి బస్సు ఎక్కలేదు. ఎల్లప్ప కాళ్ళు పట్టుకున్నాడు. నేనూ మా ఆడవాళ్ళూ పోయి బతిమాలాం. అంత రాజుకే లేని ఆయుస్సు నాకెందుకన్నా అని గోడ వైపు తిరిగి పడుకుంది. అదే వారంలో పోయింది.

కర్మ అయ్యాక ఎల్లప్ప చర్చికి పోయి, స్నానం లేదు, దీపం లేదు, రాజుకు కళ్ళు పెట్టేశాడు. ఆదివారం ప్రార్థనకొచ్చిన జనం ఎగబడి చూశారు. రాజు బతికి లేచొచ్చినట్టుండాడని మెచ్చుకున్నారు. ఆ మాట అతనికి చెబుదామని పోయాను. నా కొట్టు మెట్టు మీద కూర్చుని, వచ్చి ఆగిన తిరుపతి బస్సును చూస్తున్నాడు.

"రెండు సుక్కలన్నా. ఆయమ్మ అడిగినప్పుడే పెట్టింటే, బస్సెక్కేది."