రెండో నంబరు డిస్కు

పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో సర్వర్లు చూసుకునే బర్నబాకు ఆదివారమంటే పడదు. వారమంతా ఎలాగో గడిచిపోతుంది. ఆదివారం మాత్రం అమీన్‌పూర్‌లో ఇల్లు మింగడానికొచ్చినట్టుంటుంది. భార్య లీలమ్మ పోయినప్పటి నుంచి అంతే. చర్చికి పోదామంటే అక్కడ ఆమె కూర్చునే చోటు, ఆమె లేని పాట. అందుకే ఫ్యాక్టరీ మూసిన రోజున చేయాల్సిన పనులన్నీ అడిగి మరీ నెత్తిన వేసుకుంటాడు. ఎంత బుద్ధిమంతుడోనని పైవాళ్లు మెచ్చుకుంటారు. మెచ్చుకోవడానికి వాళ్లదేం పోయింది, నోటి మాటే కదా.

లీలమ్మ పాడిన పాటలు ఆయన దగ్గర ఉన్నాయి. పాత ఫోన్ చెడిపోయే ముందు వాటిని ఆఫీసు డిస్కులోకి ఎక్కించాడు. సొంత ఫైళ్లు అక్కడ పెట్టకూడదు. తనిఖీకి వచ్చేవాళ్ల కంటపడితే ఉద్యోగానికే ముప్పు. అందుకని రోజూ తీసే బ్యాకప్‌లోంచి ఆ పాటలను తనే తప్పించాడు. దొంగసొత్తు దాచినంత జాగ్రత్తగా దాచాడు పాపం. ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అంటే, ఆ ఇంట్లో ఆ గొంతు వినే ధైర్యం ఆయనకు లేదు. ఇక్కడ ఏసీ చలిలో, యంత్రాల హోరులో అయితే వినగలడు. లోకం మొత్తంలో ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే.

ఆ ఆదివారం పని, రెండు సర్వర్లను జత కట్టడం. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి. అందుకు రెండింటికీ అవే డిస్కులు కనబడాలి. ఫ్యాక్టరీ ఫైళ్లన్నీ ఉన్న పాత పెద్ద డిస్కు అలాగే ఉంటుంది. సర్వర్లు రెండింటికీ మాట కలవనప్పుడు పెత్తనం ఎవరిదో తేల్చడానికి, సాక్షి డిస్కని కొత్తగా ఒక చిన్నదాన్ని తెచ్చి, తుడిచి పెట్టాలి. చిక్కెక్కడంటే, ఒకే పిల్లను తల్లి ఒక పేరుతో, నాయనమ్మ ఇంకో పేరుతో పిలిచినట్టు, ఒకే డిస్కుకు ఒక్కో సర్వరు ఒక్కో నంబరు ఇస్తుంది. నంబరు నమ్మొద్దు, సైజు చూడమని బర్నబా ఎందరికో నేర్పాడు.

మొదటి సర్వర్లో లీలమ్మ పాట పెట్టుకున్నాడు. అందులో కొత్త డిస్కు రెండో నంబరు. రెండో సర్వరు ముందుకు జరిగి, పాట వింటూ, అక్కడా రెండో నంబరునే తుడిచేయమన్నాడు. సైజు చూడలేదు. మనసు పాటలో ఉంది. నిజంగానేనా అని ఆ యంత్రం ఒక్క మాటైనా అడగదు.

పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

బర్నబాకు వెంటనే అర్థమైంది. ఈ సర్వర్లో రెండో నంబరంటే పాటలున్న పాత పెద్ద డిస్కే. అయినా ఆశ పూర్తిగా చావలేదు. ఆ డిస్కు మీద కొత్తగా ఏమీ రాయకుండా ఉంచితే, పని తెలిసినవాళ్లు అడుగునున్నది బయటికి తీయగలరు. కాకపోతే దానికి రోజులు పడతాయి. ఫ్యాక్టరీ రేపు పొద్దున్నే నడవాలి.

తెల్లాపూర్‌లో ఉండే మేనేజర్ శ్రావణ్‌కుమార్‌కు ఫోన్ చేశాడు.

"సార్, తప్పైంది. పాత డిస్కు తుడిచేసిన."

"పరేషాన్ గాకు అన్నా. బ్యాకప్ ఉన్నది గదా?"

"ఉన్నది సార్."

"ఇగ దాన్ని జల్దీ ఆ డిస్కు మీదనే ఎక్కించు." అంతలోనే శ్రావణ్‌కుమార్‌కు ఇంకో మాట తట్టింది. "బ్యాకప్‌ల లేనిది ఏమన్న ఉండెనా అండ్ల? ఉంటే చెప్పు, జెర ఆగుదాం."

వయసులో చిన్నవాడైనా మంచి మనిషి. చెబితే ఆగేవాడే. బర్నబా నోరు తెరిచాడు. మా ఆమె పాటలున్నయి సార్, అంటే చాలు. కానీ ఆమె పోయినప్పటి నుంచి ఎవరి ముందూ ఆమె మాట ఎత్తనివాడు. ఇప్పుడెలా ఎత్తాలో తెలియలేదు.

"ఏం లేదు సార్."

ఫోన్ పెట్టేసి బ్యాకప్ ఎక్కించాడు. ఫ్యాక్టరీ ఫైళ్లు ఒక్కటీ తప్పిపోకుండా వచ్చి ఆమె గొంతున్న చోట కూర్చున్నాయి. లీలమ్మ పోయిన రోజు చర్చి మొత్తం కదిలొచ్చింది. ఏడ్చేవాళ్లు ఎందరో, ఆయన్ను పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎందరో. ఈసారి పోయిందని తెలిసింది ఆయనొక్కడికే.