అంచులు చూసే బాబాయి

మా బాబాయి ఫోటోలో మనుషుల్ని చూడడు, అంచులు చూస్తాడు. పెళ్లి ఆల్బం చేతిలో పెడితే వధూవరుల్ని పలకరించనైనా పలకరించకుండా దాటిపోయి, "ఈ మూలనున్న మోచేయి ఎవరిది?" అంటాడు. ఆ మోచేయి గలవాళ్లెవరో తేలేదాకా పేజీ తిప్పనివ్వడు. మా ఇంట్లో భోజనాలు చల్లారిపోయేది ఈ మోచేతుల దగ్గరే.

గడియారాలు బాగుచేసే మనిషి కదా, కంట్లో భూతద్దం బిగించుకుని మరీ చూస్తాడు. ఒకసారి నా పాస్‌పోర్టు ఫోటోని కూడా వదల్లేదు.

"అందులో నేనొక్కదాన్నే ఉన్నాను బాబాయ్!"

"మరి ఈ భుజం మీది వెంట్రుక?"

"అదీ నాదే!"

"అయితే సరే" అని వదిలిపెట్టాడు.

నిరుడు పిన్ని తమ్ముడు అలమర సర్దుతూ ఒక బిస్కెట్ల డబ్బా పంపించాడు. నిండా నెగటివులే. పిన్నివాళ్ల నాన్న సరదాకి తీసినవి. మూత తియ్యగానే పుల్లటి వాసన గుప్పుమంది.

"ఫిల్ము చివికిపోతోంది. ఇంకో ఏడాది ఆగితే ఏమీ మిగలదు" అన్నాడు బాబాయి.

పిన్ని చీపురు ఆపలేదు. "మిగిలితే మాత్రం నాకేంటి? అన్నీ మా తమ్ముళ్ల ఫోటోలే. పెద్దదాన్నిగా, వాళ్ల వెనకాల తెరలా దుప్పటి ఎత్తి పట్టుకోవడం నా పని. చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్నో నాకే తెలీదు."

నవ్వుతూనే అంది. కానీ ఆ తరవాత ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చింది.

స్కానరు కొనే స్తోమత లేదు. దాంతో బాబాయి ఇంటిమీద పడ్డాడు. నా ట్యాబు తీసుకుని తెర తెల్లగా వెలిగించాడు. దానిమీద పంచదార డబ్బా తెల్ల మూత, ఆపైన కిటికీలా కోసిన రెండు అట్టల మధ్య నెగటివు. వీటన్నిటిమీదా చెప్పుల పెట్టె బోర్లించి, పైన కన్నం చేసి, ఆ కన్నం మీద నా ఫోను పెట్టాడు.

"నా పౌడరు కుంచె ఏదండీ?" అని లోపల్నుంచి పిన్ని.

"నెగటివుల దుమ్ము దులుపుతోంది!"

"మూత లేని డబ్బాలో చీమలు పట్టాయి!"

"వాటిని కూడా దులుపుతాలే!"

నెగటివులో తెల్ల జుట్టుతో, నల్ల పళ్లతో దయ్యంలా ఉన్న కుర్రాడు ఫోనులో రంగులు తిరగేసేసరికి పిన్ని తమ్ముడైపోయాడు. స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు, వెనక దుప్పటి. చుట్టూ మందపాటి నల్ల పట్టీ.

"అట్టలో కిటికీ పెద్దదైంది బాబాయ్. అంచులు కత్తిరించెయ్యనా?"

"కత్తిరించావో, ఊరుకునేది లేదు! ప్రింటు తీసేటప్పుడు స్టూడియోవాళ్లు చుట్టూ కాస్త కోసేసేవాళ్లు. నెగటివులో మొత్తం ఉంటుంది, చూడు. ఈ దుప్పటి అంచున వేళ్లెవరివి?"

పిన్ని వచ్చి తొంగిచూసింది. "నావే. ఆ కొరికిన గోళ్లు చూడండి!"

ఇక ఆ రోజు నుంచి పిన్ని వాయిదాల పద్ధతిలో రావడం మొదలెట్టింది. సోమవారం ఒక చెవి, బుధవారం సగం జడ, ఆదివారం మోకాలు. మొహం మాత్రం రాలేదు. తనకేమీ పట్టనట్టు పిన్ని ఆ గదిలోకి రోజుకి పదిసార్లు ఏదో ఒకటి వెతుక్కుంటూ వచ్చేది.

చివరికి ఒకే ఒక్క ముక్క మిగిలింది. గడియారం స్ప్రింగులా చుట్టుకుపోయింది. తొందరపడి లాగితే పుటుక్కుమంటుంది. బాబాయి దాన్ని లావుపాటి పుస్తకాల కింద పెట్టి వారం రోజులు కాపలా కాశాడు. పుస్తకం అడిగినవాళ్లకి తిట్లు.

ఎనిమిదో రోజు దాన్ని పెట్టెలో పెట్టి ఫోటో తీశాం. పాడైందని పిన్నివాళ్ల నాన్న ప్రింటు తీయించని ఫోటో అది. దుప్పటి జారి కింద పడిపోయింది. స్టూలు మీది తమ్ముడు వెనక్కి తిరగడంతో మొహం చెదిరిపోయింది. వాడి వెనకాల రెండు జడలు, ముందు పన్ను లేని నోరు, ఎనిమిదేళ్ల పిల్ల నిలువెల్లా పగలబడి నవ్వుతోంది.

ఇప్పుడు మూలల గురించి అడుగుతాడని ఎదురుచూశాను. బాబాయి అంచులవైపే పోలేదు. భూతద్దం తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదిగో, నువ్వు" అన్నాడు.

పిన్ని చీపురు పక్కన పడేసి వచ్చింది.

"పెళ్లైన కొత్తలో మీ ఇంటి ఆల్బం చూపిస్తూ, 'నేను అంచు అవతల ఉన్నానండీ' అన్నావుగా. అప్పట్నుంచీ ఏ ఫోటో చూసినా కన్ను అక్కడికే పోతుంది. నన్నేం చెయ్యమంటావు?"

ముప్పై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల మోచేతులన్నీ ఆరా తీసింది ఇందుకా! ఆ పాస్‌పోర్టు ఫోటో సంగతి కూడా అప్పుడే క్షమించేశాను.

పిన్ని ఆ పిల్లని చాలాసేపు చూసింది. తరవాత ఫోను కళ్లకి దగ్గరగా లాక్కుంది.

"అది సరేగానీ, ఈ మూలనున్న చెప్పు ఎవరిదండీ?"

బాబాయి గభాల్న కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ఆ రోజు కూడా భోజనాలు చల్లారిపోయాయి.