ఐదో తారీఖు దీపం

మా అమ్మాయి చిన్నప్పుడు... సత్తెనపల్లిలో మార్చి సాయంత్రాలు ఎర్రగా ఉండేవి. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఎండుతుండేవి. ఆ ఎరుపు ఆకాశానికి అంటిందో, ఆకాశం ఎరుపే వాటికి అంటిందో తెలిసేది కాదు... పత్తి మిల్లుల్లోంచి నూగు లేచి వీధుల మీద తేలుతుండేది.

నేను ఆ మిల్లుల్లో ఒకదాంట్లో గుమాస్తాను. ఇల్లు చేరేసరికి నా జుట్టు నిండా, కనుబొమల నిండా తెల్లటి నూగు. "నాన్న ముసలాడైపోయాడు" అని నవ్వేది పిల్ల. ఇప్పుడు నిజంగానే అయ్యాను.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే... అప్పటి మా ఇంటాయన కొడుకు మొన్న ఇక్కడే ఒక పోస్టు పెట్టాడు. వాళ్ల నాన్న అద్దెకున్నవాళ్లను కన్నబిడ్డల్లా చూసుకున్నాడట. కింద ఎంతోమంది దండాలు పెట్టారు. ఆ కన్నబిడ్డల్లో నేనూ ఒకణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది.

ఐదో తారీఖున, ఆయన ఇంట్లో సంధ్యదీపం పెట్టేలోపు అద్దె చేతిలో పడాలి. దీపం పెట్టాక డబ్బు ముట్టుకోకూడదని ఆ ఇంటి ఆచారం. మన వైపు చాలా ఇళ్లలో ఉన్నదే, తప్పుపట్టను. కానీ ఆయన దానికి ఒక తోక తగిలించాడు. దీపం దాటి వస్తే పొద్దున్నే రమ్మనేవాడు. పొద్దున్నంటే ఆరో తారీఖు కాబట్టి ఇరవై రూపాయలు అదనం. ఏడాదిలో మూడుసార్లు అలా జరిగితే ఇల్లు ఖాళీ చేయాలి.

నేను చాలా చరిత్రలు చదివాను. ఉప్పు మీద పన్ను వేసినవాళ్ల గురించీ చదివాను. దీపాన్ని అడ్డం పెట్టుకుని పన్ను వసూలు చేసినవాణ్ణి మాత్రం ఈయన్నే చూశాను.

మా షావుకారు జీతాలిచ్చేది ఐదో తారీఖు సాయంత్రం. ఆ సంగతి ఇంటాయనకు తెలుసు. గడువు ఏడో తారీఖుకు మార్చండి అని ఒకసారి అడిగాను.

"నన్నెందుకండీ మార్చమంటారు? మీ షావుకారునే మూడో తారీఖున ఇమ్మనండి" అన్నాడు.

అందుకని ప్రతి నెలా ఐదో తారీఖున నాకూ సూర్యుడికీ పందెం. జీతం జేబులో పెట్టుకుని సైకిల్ తొక్కుతుంటే... దారి పొడవునా ఎర్రటి గుట్టలు, గాలిలో తెల్లటి నూగు, ఘాటుకి కళ్లలో నీళ్లు. భయంతో తొక్కిన దారి అది. ఇప్పుడు కలలోకి వస్తే మాత్రం ఎంత అందంగా ఉంటుందో.

చాలాసార్లు నేనే గెలిచేవాణ్ణి. మా అమ్మాయి పదో తరగతి చదివే ఏడాది రెండుసార్లు ఓడిపోయాను. మూడో గండం ఆ మార్చిలో వచ్చింది. పరీక్షలకి ఇంకా రెండు వారాలైనా లేదు. ఇల్లు పోతే పిల్లని పుస్తకాలతో సహా ఎక్కడ కూర్చోబెట్టాలి?

ఆరోజు షావుకారు గుంటూరు నుంచి ఆలస్యంగా వచ్చాడు. జీతం తీసుకుని బయల్దేరితే రైలు గేటు పడింది. గూడ్సు బండి ఎంతకీ తరగదు. నా ముందు మిరపకాయ టిక్కీ బస్తాల ట్రాక్టరు, దాని వెనక తుమ్ముతూ జనం... గేటు లేచేసరికి ఎరుపంతా పోయి ఆకాశం బూడిద రంగైంది. వీధిలైట్లు వెలిగాయి. అయిపోయింది అనుకున్నాను. అయినా తొక్కాను.

ఇంటాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లోపలికి కేకేశాడు. "ఏమే, దీపం పెట్టావా లేదా?"

"అగ్గిపెట్టె కనబడ్డంలేదండీ" అంది లోపల్నుంచి ఇంటావిడ.

"పొద్దున పొయ్యి వెలిగించావుగదే."

"వెలిగించానండీ. ఎక్కడ పెట్టానో గుర్తుంటేగా. వెతుకుతున్నా."

నేను సైకిల్ గోడకి కూడా ఆనించలేదు. డబ్బు ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. "ఈసారికి బతికిపోయారు గుమాస్తాగారూ" అన్నాడు, నష్టం వచ్చినవాడిలా.

పక్కనే ఉన్న మా వాటా వాకిలి దాకా వచ్చానో లేదో... వెనక పుల్ల గీసిన చప్పుడు. ఆమె మతిమరుపు మనిషి, నా అదృష్టం అనుకున్నాను.

పరీక్షలు ఆ ఇంట్లోనే అయ్యాయి. మంచి మార్కులతో పాసైంది పిల్ల. ఆ వేసవిలో మేమే ఇల్లు మారాం. సామాను బండిలో వెళ్తుంటే మా ఆవిడ మెల్లగా చెప్పింది.

"అగ్గిపెట్టె ఆమె బొడ్లోనే ఉండేదండీ. ప్రతి ఐదో తారీఖూ మీ సైకిల్ కనబడేదాకా తీసేది కాదు."

ఓడిపోయిన ఆ రెండు నెలలూ ఆమె వేటపాలెంలో కూతురి పురిటికి వెళ్లిందని అప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు దీపం పెట్టింది ఆయన... సరిగ్గా వేళకి.

"ముందే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే మీరు ఊరుకుంటారా? ఏదో ఒక రోజు ఆయన మొహానే అనేస్తారు."

నిజమే, అనేసేవాణ్ణి. ఇప్పుడు ఆ ఇంటాయనా, ఇంటావిడా ఇద్దరూ లేరు కాబట్టి అంటున్నాను. అబ్బాయ్, మీ నాన్న గురించి నువ్వు రాసింది అబద్ధం. మీ అమ్మ గురించి ఒక్క ముక్క రాయలేదేం?

ఇప్పుడు అద్దె ఫోన్లోనే కడుతున్నాం. పోయిన నెల ఒక్క పూట ఆలస్యమైంది, ఫోనే లెక్కగట్టి రెండు వందలు కలిపేసింది. దానికి కోపం లేదు, దురాశా లేదు... చీర కుచ్చెళ్ల దగ్గర అగ్గిపెట్టె దాచుకుని, సందు మలుపు వైపు చూస్తూ చీకట్లో నిలబడే మనిషీ లేదు.

మీ కోసం కూడా ఎవరో ఒకరు దీపం ఆపే ఉంటారు. గుర్తుంటే వాళ్ల గురించి కింద రాయండి... చదువుతాను.