సింగపూరులో కప్పుకోని శాలువా

కృష్ణా జిల్లాలో ఫిడేలు పట్టినవాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళున్నారు, నాకంటే పెద్ద సభలు చూసినవాళ్ళూ ఉన్నారు. కాదనను. కానీ అవనిగడ్డ నుంచి నూజివీడు దాకా నేను పక్కవాద్యం వాయించని పందిరి ఒక్కటి చూపించమనండి, నా కమాను విరిచి పొయ్యిలో పెడతాను. విజయవాడ రేడియోలో ఇరవై ఏళ్ళకు పైగా వాయించాను. బందరులో జడ్జిగారి చేతుల మీదుగా వెండి పతకం తీసుకున్నాను. తెనాలిలో ఒక పెద్ద విద్వాంసుడు తోడి అందుకుని మధ్యలో దగ్గుతెర వచ్చి ఆగిపోతే, ఆయన తేరుకునేదాకా ఆ రాగాన్ని నా తీగ మీద నిలబెట్టాను. కచేరీ అయ్యాక ఆయన తన మెడలో దండ తీసి నా మెడలో వేశాడు. గొప్ప కోసం చెప్పడం లేదు. నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు గనక చెబుతున్నాను.

నా పేరు బాలశౌరి, మా క్రైస్తవుల ఇళ్ళల్లో పెట్టే పేరు. ఈ కచేరీలన్నీ ఆ పేరుతోనే వాయించాను. ఆ పేరు లేకుండా వాయించినవి ఐదున్నాయి. అవి సముద్రానికి అవతల.

మా నాన్న అంతోని దివిసీమ పల్లెలో ఉపదేశి. ఇటలీ ఫాదరు గారు నెలకోసారి సైకిలు మీద వచ్చి పూజ చేసి వెళితే, మిగతా రోజుల్లో జనం చేత జపాలు చెప్పించడం, పాటలు పాడించడం మా నాన్న పని. ఆ ఫాదరు గారు తమ దేశం తిరిగిపోతూ తన ఫిడేలు మా నాన్న చేతిలో పెట్టారు. మా నాన్నకు దాన్ని ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు. నేను ఊరి బళ్ళో ఐదో తరగతి గట్టెక్కి, ఆ పెట్టె చంకన పెట్టుకుని కూచిపూడి దారిలో ఉండే మణెమ్మ గారి అరుగు ఎక్కాను. ఆవిడ ఒకప్పుడు జమీందార్ల పెళ్ళిళ్ళలో పాడిన మనిషి. మేజువాణీలు పోయాక, వెనకటి రోజుల్లో ఆవిడ పాటకు తలలూపిన పెద్దమనుషులే ఆవిడ గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని నడిచేవారు.

ఆవిడ నా ఫిడేలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నిలబడి, తలెత్తి వాయించే ఫిడేలురా అబ్బాయ్. మన సంగీతంలో కింద కూర్చుని, తల దించి, పాదానికి ఆనించి వాయించాలి. తల దించడం నీకూ నాకూ ఎవరూ నేర్పక్కర్లేదులే" అని నవ్వింది. ఎనిమిదేళ్ళు ఆ అరుగు మీదే నేర్చుకున్నాను. నా చేతిలో ఏదైనా ఉందంటే అది ఆవిడ పెట్టిందే.

ఇక వెంకటకృష్ణారావు గారి సంగతి. విజయవాడలో పేరున్న గాయకుడు. మంచి గొంతు, మంచి పాఠం, కాదనడానికి లేదు. పన్నెండేళ్ళు ఆయనకు ఎడమ పక్కన కూర్చుని వాయించాను. మృదంగం హనుమయ్యది. మా ముగ్గురినీ వేదిక మీద చూసినవాళ్ళు ఇంకో జట్టును ఒప్పుకునేవాళ్ళు కాదు. డెబ్బై ఆరులో ఆయన పటమటలో మా ఇంటి గుమ్మం ముందు రిక్షా ఆపి, దిగకుండానే కేకేశారు.

"ఏమయ్యా బాలశౌరీ, ఓడ ఎక్కుతావా?"

"ఏ ఓడండీ?"

"మలేషియా, సింగపూరు. అక్కడి తెలుగువాళ్ళు శ్రీరామనవమికి పిలిచారు. ఐదు కచేరీలు. పాస్‌పోర్టుకు ఫోటో దిగు ముందు. ఆ తలకు కాస్త నూనె రాసుకుని దిగు, దొరలు చూసి దడుసుకుంటారు."

ఆ వారం పటమటలో నేను నడిస్తే నేల ఆనలేదు. మా ఆవిడ తెరేసమ్మ మంగళగిరి నుంచి జరీ అంచు పంచె తెప్పించింది. మా చర్చిలో ఫాదరు గారు పూజ తరవాత ఫిడేలు పెట్టె మీద తీర్థం చల్లి, "మన బాలశౌరి మన రాష్ట్రం పేరు నిలబెట్టి రావాలి" అన్నారు. మద్రాసు రైలు దగ్గరికి మా పేట పేటంతా వచ్చింది. దండల బరువుకు మెడ వంగింది.

మద్రాసు నుంచి ఓడ. హనుమయ్య మొదటి రోజునే పక్క పట్టాడు. మృదంగాన్ని దుప్పటితో చుట్టి పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, "శౌరన్నా, నేను పోతే దీన్ని మాత్రం సముద్రంలో వెయ్యకు. మా వాడికివ్వు" అంటూ కక్కుకునేవాడు. నేనేమో ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టకుండా పొద్దునా సాయంత్రం కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవాణ్ణి. నాకు వాంతీ లేదు, వికారమూ లేదు. నా పేరు సముద్రం దాటుతోందన్న ఆనందం నాకు అన్నం కంటే ఎక్కువైంది.

పెనాంగులో ఓడ దిగాం. రేవు నుంచి బసకు తీసుకుపోతుంటే గోడల మీద మా పోస్టర్లు. తెలుగులో, అరవంలో, ఇంగ్లీషులో. నేను కారు ఆపించి దిగి తెలుగుది చదివాను. గాత్రం వెంకటకృష్ణారావు. మృదంగం హనుమయ్య. వయొలిన్ బాలసుబ్రహ్మణ్యం.

ఇంకెవరో ఫిడేలాయన కూడా వస్తున్నాడేమోననే అనుకున్నాను, నిజంగా. హనుమయ్య ముఖం చూశాక తెలిసింది.

బసలో రావు గారిని అడిగాను. ఆయన గొంతుకు మిరియాల పాలు తాగుతున్నారు.

"ఆ బాలసుబ్రహ్మణ్యం ఎవరండీ?"

"నువ్వే. కూర్చో, కోప్పడకు. గుళ్ళల్లో కచేరీలయ్యా ఇవి. వీళ్ళు పట్టింపు మనుషులు. నీ పేరైతే ఒప్పుకోం అని ఉత్తరం రాశారు."

"పన్నెండేళ్ళుగా మీ పక్కన ఎన్ని గుళ్ళల్లో వాయించాను, ఎవరైనా లేచి పొమ్మన్నారా?"

"అది మన ఊరు. మనవాళ్ళు నిన్ను ఎరుగుదురు. ఇది పరదేశం. వాయించే వేళ్ళు నీవే కదటయ్యా, పేరుదేముంది?"

"అయితే పోస్టరు మీద మీ పేరూ మార్చుకోండి. పాడే గొంతు మీదే కదా."

ఆయన పాలగ్లాసు కింద పెట్టి, అటు తిరిగి పడుకున్నారు. మాట అక్కడితో అయిపోయింది. తిరుగు టిక్కెట్టు ఆయన పెట్టెలో ఉంది. ఫిడేలు నెత్తిన పెట్టుకుని సముద్రం ఈదలేను కదా. వాయించాను.

వాయించడంలో మాత్రం ఎవరికీ వేలెత్తి చూపే సందు ఇవ్వలేదు. చెడ వాయిస్తే చెడిపోయేది మణెమ్మ గారి విద్య. ఆవిడ నాకేం అపకారం చేసింది? కౌలాలంపూరులో రావు గారి గొంతు గుడి మండపంలో ఫ్యాన్ల గాలికి బిగుసుకుపోతే, చరణంలో పైస్థాయి అంతా నేనే మోశాను. కచేరీ అయ్యాక రబ్బరు తోటల్లో పనిచేసిన ముసలామె ఒకతె వచ్చి నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "సుబ్రహ్మణ్యం బాబూ, మా నాయన పుట్టిన దేశం చూసొచ్చినట్టుందయ్యా" అంది. నా చేతుల మీద ఆమె కన్నీళ్ళు పడ్డాయి. అంత మంచిమాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది నాకు కాదు.

మర్నాడు హనుమయ్య నన్ను నవ్వించాలని, "సుబ్బన్నా, కాఫీ తాగుదువు గాని రా" అన్నాడు.

"ఇంకోసారి ఆ పేరుతో పిలిస్తే నీ మృదంగానికి ఒకవైపు తోలు ఉండదు."

వాడు మళ్ళీ అనలేదు. మంచివాడు. కానీ వాడూ పోస్టరు సంగతి రావు గారిని అడగలేదు. వాడి పేరు సరిగానే ఉంది మరి.

నాలుగు కచేరీలు అయ్యాయి. ఐదోది, ఆఖరుది సింగపూరులో, గుడి కాదు, పెద్ద హాలు. రైలు దిగి పాస్‌పోర్టులు చూపించే చోట అక్కడి సంఘం కార్యదర్శి మా కోసం నిలబడి ఉన్నాడు. నా పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసరుకు ఇవ్వబోతూ ఆగాడు.

"సార్, ఇందులో మీ పేరు బాలశౌరి అని ఉందే?"

"నా పేరు అదే. మీరు ఒప్పుకోలేదటగా?"

"మేమా?" ఆయన తెల్లబోయాడు. "రావు గారు ఏ పేరు పంపితే ఆ పేరు వేశాం సార్. పెనాంగు వాళ్ళూ అంతే. మా సంఘం ట్రెజరరు పేరు అబ్రహాము. ఈ హాలు అద్దె కట్టింది ఆయనే."

నాకు నవ్వొచ్చింది. ఆ పర్యటనలో నేను నవ్వింది అప్పుడొక్కసారే. అబ్రహాము అద్దె కట్టిన వేదిక మీద బాలశౌరి కూర్చోకూడదట.

రావు గారి గది తలుపు తట్టి ఈసారి నిలబడే మాట్లాడాను.

"ఎవరూ ఉత్తరం రాయలేదటండీ."

ఆయన తడబడలేదు. అది ఆయన గొప్ప. "రాయకపోతే ఏం? రాసేవాళ్ళే. ముందే జాగ్రత్త పడ్డాను. ఇప్పుడేం కావాలి నీకు?"

"ఆఖరి కచేరీలో పక్కవాద్యాలను మీరే పరిచయం చేస్తారుగా. మీ నోటితో నా పేరు చెప్పండి. నాకింకేం వద్దు."

"అంతేనా? చెబుతానయ్యా."

"మాటేనా అండీ?"

"మాటే. పో, శ్రుతి చూసుకో."

ఆ సాయంత్రం వాయించినట్టు నేను అంతకు ముందూ వాయించలేదు, ఆ తరవాతా వాయించలేదు. కాంభోజి రాగానికి నా వంతు వచ్చింది. నేను ముగించి కమాను దించేసరికి రావు గారే "భేష్" అన్నారు, మైకులో అందరికీ వినపడేలా. ఇంకేముంది, పేరు కూడా చెప్పేస్తారు అనుకున్నాను. మంగళానికి ముందు ఆయన గొంతు సవరించుకుని, "మృదంగం మీద మా హనుమయ్య" అన్నారు. చప్పట్లు. నా వైపు తిరిగారు. నా కళ్ళల్లోకి చూశారు. "వయొలిన్... మీకందరికీ ఈపాటికి బాగా తెలిసిన బాలసుబ్రహ్మణ్యం."

హాలంతా చప్పట్లు. నాకు చెవుల్లో ఏమీ వినపడలేదు.

మంగళం అయ్యాక సన్మానం. అధ్యక్షుడు కాగితం చూసి పిలుస్తున్నాడు. రావు గారికి శాలువా కప్పారు. హనుమయ్యకు కప్పారు. "శ్రీ బాలసుబ్రహ్మణ్యం గారు" అన్నాడు. నేను లేవలేదు. కూర్చున్న చోటే కూర్చుని తీగలు తుడుచుకుంటున్నాను. మళ్ళీ పిలిచాడు. జనం మెడలు సాచి చూస్తున్నారు. హనుమయ్య వంగి, "శౌరన్నా, లే, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. ముందు వరసలో కార్యదర్శి సగం లేచి, రావు గారిని చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

అప్పుడు రావు గారు మైకు అందుకున్నారు. "మా ఫిడేలాయనకు రాగాలు తప్ప ఇంకేం వినపడవండీ" అన్నారు.

అందరూ నవ్వారు. పాపం, వాళ్ళకేం తెలుసు, హాయిగా నవ్వారు. అధ్యక్షుడు శాలువా మడిచి నా పక్కన పెట్టి వెళ్ళాడు. మంచి శాలువా, తెల్లది, పట్టు. నేను ఫిడేలు పెట్టెలో పెట్టుకుని దిగి వచ్చేశాను. శాలువా అక్కడే ఉంది. ఎవరు తీసుకున్నారో అడగలేదు.

తిరుగు ఓడలో రావు గారు నాతో అన్నది ఒక్కమాట. "పరాయి దేశంలో నా పరువు తీశావు."

విజయవాడ వచ్చాక ఆయన ఆ మాటే సభల వాళ్ళందరికీ చెప్పారు. ఫిడేలాయన పొగరుబోతు, సన్మానం చేస్తే లేవడు అని. ఏడాది తిరిగేసరికి నన్ను కచేరీకి పిలిచేవాళ్ళు లేరు. ఇటు మా పేటలో ఇంకో రకం. ఎవరు మోసుకొచ్చారో, బాలశౌరి పేరు మార్చుకుని గుళ్ళల్లో వాయించి వచ్చాడని పాకింది. వెళ్ళేటప్పుడు దండలు వేసిన పెద్దలే నన్ను కూర్చోబెట్టి, హిందూ మతం పుచ్చుకున్నావా అని అడిగారు. పంపు దగ్గర పక్కింటి శౌరమ్మ మా ఆవిణ్ణి, "ఏం వదినా, మీ సుబ్రహ్మణ్యం గారు ఊళ్ళోనే ఉన్నారా?" అందట. ఆ పేరుకు లేవలేదని సభల వాళ్ళకు చేదు, ఆ పేరు పెట్టుకున్నానని మా పేటవాళ్ళకు చేదు. నేను ఇద్దరికీ సంజాయిషీ చెప్పలేదు. పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాను. నా దగ్గర సరళీ వరసలు నేర్చినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు రేడియోలో వాయిస్తున్నారు. అదీ చెప్పాలి.

డెబ్బై ఎనిమిదిలో మళ్ళీ రిక్షా ఆగింది. ఈసారి ఆయన దిగి లోపలికి వచ్చారు. తెరేసమ్మ కాఫీ తెచ్చింది. ఇప్పుడే తాగి వచ్చానమ్మా అన్నారు.

"మారిషస్ పిలిచారయ్యా. విమానం. నీలాగా నా వెంట నీడలా వచ్చే ఫిడేలు నాకు దొరకలేదు. ఈ రెండేళ్ళూ ఎట్లా పాడానో నాకే తెలుసు. పాతవి మర్చిపో."

"పోస్టరు మీద ఏం పేరు వేయిస్తారండీ?"

ఆయన ఆ ప్రశ్నకు సిద్ధపడే వచ్చారు. "ఆలోచించాను. పొడి అక్షరాలు వేయిద్దాం. బి.ఎస్. అని. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"నాకు ఉందండీ."

"అబ్బ! నీకు విద్య ఎంత ఉందో పొగరూ అంత ఉందయ్యా."

"రెండూ మణెమ్మ గారి దగ్గరే నేర్చుకున్నాను."

ఆయన లేచి వెళ్ళిపోయారు. కాఫీ అట్లాగే చల్లారింది. తెరేసమ్మ గ్లాసు తీస్తూ, "ఆ రెండక్షరాలూ మీవి కావా? ఊళ్ళో ఎవరు పిలుస్తున్నారని ఇంత పట్టుదల?" అంది. ఆమె మాటలో తప్పు లేదు. కానీ ముందు నాకు ఇంకొకడి పేరు పెట్టారు, ఇప్పుడు నా పేరుకు కోత పెట్టారు. మూడోసారి ఏం చేస్తారో చూడాలని నాకు లేదు. ఆమె వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మారిషస్‌కు రాజమండ్రి నుంచి ఒక కుర్రవాడు ఫిడేలు పట్టుకుని వెళ్ళాడు. వాళ్ళు తిరిగొచ్చాక పేపర్లో ఫోటో వేశారు. తెరేసమ్మే ముందు చూసింది. చదివి, పేపరు మడిచి, నా ముందు పెట్టి లోపలికి పోయింది. ఫోటో కింద ఆ కుర్రవాడి పేరు వేశారు. ఇంటిపేరుతో సహా, పూర్తిగా.