క్లాసంతా ఒకేలా నింపిన ఫారాలు

సిద్దిపేటలో డిగ్రీ చదివిన మూడేళ్లూ నేను ముందు బెంచీ వదల్లేదు. ఇల్లు కాలేజీకి నడిచిపోయేంత దూరం. పైగా క్లాస్ లీడర్ని, పెత్తనం నా జన్మహక్కు అనుకునేదాన్ని. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది, నా పెత్తనం తలుచుకుంటే మాత్రం కాస్త సిగ్గేస్తుంది.

మాకు ఎకనామిక్స్ చెప్పే సార్ గెస్ట్ లెక్చరర్. రోజూ ప్రజ్ఞాపూర్ నుంచి బస్సులో వచ్చేవారు. పత్తి ధర ఎందుకు పడిపోతుందో ఆయన చెబుతుంటే బెల్లు కొట్టినా ఎవరమూ లేచేవాళ్లం కాదు. అయితే గెస్ట్ లెక్చరర్లను ఏటా కొత్తగా తీసుకోవాలి, తీసుకునే ముందు కాలేజీ కమిటీ విద్యార్థుల అభిప్రాయ ఫారాలు చూస్తుంది. ఇప్పుడవి ఫోన్లో లింకులుగా వస్తున్నాయట, మాకు కాగితాలే ఇచ్చేవారు.

రెండో ఏడు చివర ఆ ఫారాలు మా చేతికొచ్చాయి. సార్‌ను పోనిస్తామా? పాఠం అర్థమవుతోందా, బోర్డు కనబడుతోందా లాంటి అన్ని ప్రశ్నలకూ ఐదుకు ఐదు పెట్టి, కింద ఖాళీలో "సార్ చాలా బాగా చెప్తారు, మాకు ఈ సారే కావాలి" అని రాసి నా ఫారం వెనక్కి పంపాను. క్లాసంతా మక్కికి మక్కి దించేసింది.

వారం తిరక్కుండానే ప్రిన్సిపల్ మేడమ్ నన్ను పిలిపించి, ఆ ఫారాల కట్ట తీసి నా ముందు పడేశారు.

"గివన్ని ఒక్కలే నింపిన్రా? కామా సుత మారలే. గిసొంటియి కమిటీ లెక్కల వెట్టదు. అన్ని పక్కకు వెట్టిన్రు."

"మరి సార్ సంగతేంది మేడమ్?"

"ఫారాలే లేకుంటె నేనేం జూపియ్యాలె? రేపు మళ్ల రాయుండ్రి. ఎవలది వాళ్లే."

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన. సార్ కొలువు పోతే నా అతితెలివి వల్లే పోతుంది.

మర్నాడు మేడమ్ మమ్మల్ని దూరదూరంగా కూర్చోబెట్టి, దగ్గరుండి రాయించారు. బయటికి రాగానే ఒక్కొక్కరినీ పట్టుకుని ఏం రాశావని ఆరా తీశాను. కోహెడ నుంచి వచ్చే నా స్నేహితురాలు కాసేపు నసిగింది.

"సార్ మంచిగనే చెప్తడని రాసిన. బోర్డు మీద అక్షరాలు చిన్నగుంటయి, ఎనకకు కానొస్తలేవు అని గుడ రాసిన."

"నీకేమన్న పిచ్చి లేసిందానే? సార్ కొలువు తీస్తవా?"

"ఉన్నదే రాసిన గదనే."

నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ సాయంత్రం ఇద్దరం మిర్చిబజ్జీలు పంచుకుని తింటూ బస్టాండు దాకా నడిచేవాళ్లం. ఆ రోజు నుంచి నేను వేరే దారిలో ఇంటికి పోయాను.

చివరికి సార్‌నే మళ్లీ తీసుకున్నారు. ఆ మాట చెప్పడానికి మేడమే క్లాసుకు వచ్చారు.

"బోర్డు సంగతి ఎవలో రాసిన్రు. గది జూసినంకనే కమిటీ మిగిలినయి గుడ నమ్మింది. లోపం గుడ చెప్పిన్రంటె, మెచ్చుకున్నది నిజమే అయి ఉంటదన్నరు."

నేను తల ఎత్తలేదు.

ఫైనలియర్ మొదటి క్లాసులో సార్ బోర్డు నిండా పెద్ద పెద్ద అక్షరాలు రాశారు. వెనక్కి తిరిగి చూశాను. కోహెడ బస్సు ఎప్పుడూ ఆలస్యమే, అది వచ్చేసరికి చివరి బెంచీయే మిగిలేది. అక్కడ నా స్నేహితురాలు తలెత్తి బోర్డు చూస్తూ గబగబా రాసుకుంటోంది. రెండేళ్లు నా నోట్సు అడిగి పట్టుకుపోయేది. బద్ధకం అనుకున్నాను, అందరి ముందూ ఆటపట్టించాను కూడా. రెండేళ్లు ఒకే గదిలో కూర్చున్నాం, ఒకే పొట్లంలోంచి తిన్నాం. బోర్డు కనబడుతోందా అని నేను ఒక్కనాడూ అడగలేదు. ఆ ఫారం అడిగింది.