తుంగపల్లం మీద గీసిన గీత

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను కోనసీమలో ఒక మునిసిపాలిటీకి సర్వేయరుగా ఉండేవాణ్ణి. ఊరి పేరు చెప్పను. ఆ ఊరివాళ్లు నొచ్చుకుంటారని కాదు, పక్క ఊళ్లవాళ్లు తాము అంతకంటే మేలనుకుంటారని.

ఊరికి తూర్పున తుంగ పెరిగే పల్లపు నేల ఉండేది. వానాకాలం ఊళ్లో నీళ్లన్నీ అక్కడికి చేరి, నాలుగు రోజులు నిలిచి, ఒక తూములోంచి మెల్లగా మురుగుకాలువలోకి పోయేవి. ఒక ఏడు పెద్ద వానకి బజారు మునిగింది. కాకినాడ నుంచి ఇంజనీరు ఒకాయన వచ్చి చూసి, ఆ పల్లమే మీ ఊరికి రక్ష, అక్కడ ఎవరినీ పూడ్చనివ్వకండి, కట్టనివ్వకండి అని రాసిచ్చి వెళ్లాడు.

కౌన్సిలువారికి పూనకం వచ్చింది. పల్లంలో వాలే కొంగల గురించి ఒక సభ్యుడు అరగంట ఉపన్యసించాడు. ఆయన జన్మలో ఆ బురదలో కాలు పెట్టలేదు. పల్లంలో ఇల్లు గాని, పాక గాని, పిడికెడు మట్టి గాని వెయ్యకూడదని ఏకగ్రీవంగా తీర్మానించారు. నేను గొలుసు పట్టి కొలిచి, రాళ్లు పాతించి, పటం గీసి, పల్లానికి ఆకుపచ్చ రంగు వేశాను. ఆ రంగు చూసుకుని మురిసిపోయాను కూడా.

ఆ రాళ్ల లోపల ఉన్నది ఒకటే పాక. చాపలల్లే ఒక విధవరాలిది. అక్కడి తుంగ కోసి, ఆరబెట్టి, అల్లి అమ్ముకుని బతికేది. నోటీసు ఆమెకి చదివి వినిపించవలసిన పని నాకు పడింది. ఆమె చేతిలో పని ఆపకుండా విని, తలెత్తి అడిగింది.

"పల్లాన్ని కాపాడ్డానికి నన్ను ఖాళీ చేసి పొమ్మంటన్నారాండి? ఏటా వానలకి ముందు ఆ తూముకి అడ్డంపడే గుర్రపుడెక్క తీగలు ఎవరు లాగుతున్నారనుకుంటన్నారండి?"

ఎవరు లాగుతున్నారో నాకు తెలియదు. మునిసిపాలిటీలో ఎవరికీ తెలియదు. తూము దానంతటదే శుభ్రంగా ఉంటుందనుకున్నాం. నిబంధన అందరికీ ఒకటేనమ్మా అన్నాను. ఆ మాట ఎంత గంభీరంగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది. వారం తిరక్కుండా పాక పీకించారు. ఆమె కపిలేశ్వరపురం దగ్గర గోదావరి లంకలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది.

ఏడాది గడవలేదు. కొంగల మీద ఉపన్యసించిన సభ్యుడికి బియ్యం మిల్లు పెట్టాలని బుద్ధి పుట్టింది. రోడ్డు పక్కన చవకగా దొరికే జాగా ఆ పల్లంలోనే ఉంది. చైర్మనుగారు నన్ను పిలిచి కుర్చీ వేయించారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

"మీరేం తప్పు చెయ్యక్కర్లేదండి సర్వేరుగారూ. పల్లం ఉన్నచోటే ఉంటాది. పటంలో గీత ఒక్కటి కాస్త లోపలికి జరపండి, అంతే."

జరిపాను. ఇంట్లో పెళ్లాం బిడ్డలున్నారని నాకు నేను చెప్పుకున్నాను. అందరికీ ఉంటారు. మిల్లు లేచింది. దాని ఊకంతా పల్లంలోనే కుమ్మరించారు. తూము దగ్గర గుర్రపుడెక్క మనిషి ఎత్తున పేరుకుంది. దాన్ని లాగించడం ఏ శాఖ పనో తేలక ఫైలు మూడు బల్లల మధ్య తిరిగింది.

మళ్లీ వానలొచ్చాయి. నీళ్లు పల్లంలో పట్టలేదు, తూములోంచి పోలేదు. బజారులోనే పదకొండు రోజులు నిలిచాయి. మిల్లులో ధాన్యం బస్తాల్లోనే మొలకెత్తింది. ఆ సభ్యుడు కౌన్సిలులో నిలబడి వరుణదేవుణ్ణి తిట్టాడు. అప్పుడు నేను పాత పటం, కొత్త పటం పక్కపక్కన పరిచి, గీత ఎవరు జరపమంటే జరిపానో చెప్పేశాను. మినిట్సులో మాత్రం సర్వేయరు కొలతల్లో పొరపాటు జరిగిందని రాసుకున్నారు. మర్నాడే రాజీనామా ఇచ్చి, కొత్తపేట వెళ్లి రైతుల పొలాలు కొలుస్తూ బతికాను.

కొన్నాళ్లకి పడవెక్కి ఆ చాపలామెను వెతుక్కుంటూ లంకకు వెళ్లాను. తూము బాగు చెయ్యడానికి రమ్మని కౌన్సిలువారు ఆమెకు కబురు పెట్టారట. కూలి కూడా ఇస్తామన్నారట. రానని చెప్పిందట. నేను చేసిందంతా ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు గీత జరిపేరు, ఆయన మిల్లు కట్టేరు. ఆ సంగతి నీళ్లకెవరూ చెప్పలేదు కదండీ," అని మాత్రం అంది.

తరవాత మజ్జిగ తెచ్చి ఇచ్చి, తన పనిలో పడిపోయింది. తిరుగు పడవ వచ్చేదాకా ఏటి గట్టు మీదే కూర్చున్నాను. క్షమించమని అడగడానికే వెళ్లాను గాని, ఆ మాట నా నోట రాలేదు.