డిస్‌ప్లే డ్రైవర్ కోలుకుంది

కంప్యూటర్ డిప్లొమా పట్టా చేతికొచ్చిన కొత్తలో ఎవరికైనా లోకంలో తాను బాగుచేయలేని వస్తువంటూ లేదనిపిస్తుంది. నాకు ఆ రోజులు ములకలపల్లిలో గడిచాయి. ఒక పెళ్ళి వీడియోల స్టూడియోలో ముక్కలు కత్తిరించి, పాటలు అతికించే మిక్సింగ్ పని. యజమానిని అందరూ స్టూడియో అన్న అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. అన్న ఖమ్మంలో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్‌ను కొనుక్కొచ్చాడు. దానికి వేడెక్కే జబ్బు ఉండటం వల్ల పక్క రేకు శాశ్వతంగా విప్పేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టేవాళ్ళం. (ఆ ఫ్యాన్ గాలి నాకు తగలకూడదని అన్న ఆజ్ఞ. నేను చెమటోడ్చినా పర్వాలేదు గానీ గ్రాఫిక్స్ కార్డుకు చెమట పట్టకూడదు.)

ఆ ఏడు దసరాకు ముందు ఒక పెళ్ళి వీడియో మా మెడ మీద ఉంది. పెళ్ళి జరిగినప్పుడు పెళ్ళికూతురి అమ్మమ్మ కాలు విరిగి ఖమ్మం దవాఖానాలో పడుకొని ఉంది. చిన్నప్పటి నుంచి పెంచిన మనవరాలి పెళ్ళిని కళ్ళారా చూడలేకపోయింది. ఇప్పుడు మనవరాలు పండుగకు వచ్చింది, దసరా మరునాడు మధ్యాహ్నం బస్సుకు తల్లాడలోని అత్తగారింటికి వెళ్ళిపోతుంది. ముసలమ్మ కర్ర ఊతంగా ముందే వచ్చి చెప్పి వెళ్ళింది: "బిడ్డా, పిల్ల ఉన్నప్పుడే చూపియ్యాలె. ఎవరు ఆడబిడ్డనో, ఎవరు తోడికోడలో పక్కన కూసోని చెప్పేటోళ్ళు ఉండాలె గదా. ఒక్కదాన్నే చూస్తే నాకేం తెలుస్తది?" నేను ఛాతీ విరుచుకుని "అవ్, అయిపోతది" అన్నాను.

నవమి నాడు అన్న ఆయుధ పూజ చేశాడు. కెమెరాలకు, లైట్లకు, కంప్యూటర్‌కు పసుపు కుంకుమలు పెట్టి, పూలు చుట్టి, కొబ్బరికాయ కొట్టి "ఇగ చాలు చెయ్ తమ్మీ" అన్నాడు. స్విచ్ వేసి చాలు చేశాను. వీడియోలో పెళ్ళికొడుకు మండపంలోకి అడుగుపెట్టగానే తెర నల్లబడింది. ఒక క్షణం తర్వాత వెలుగొచ్చి, మూలన ఒక చీటీ: డిస్‌ప్లే డ్రైవర్ పనిచేయడం ఆగిపోయి మళ్ళీ కోలుకుంది. సంతోషం అనుకున్నాను. పెళ్ళికొడుకు ఇంకో అడుగు వేశాడు. మళ్ళీ ఆగింది, మళ్ళీ కోలుకుంది. ఇంత జల్దీగా పడిపోయి ఇంత జల్దీగా కోలుకునే రోగిని నేనెక్కడా చూడలేదు. చివరికి తెరంతా ఆకుపచ్చ గీతలు పడి, పురోహితుడి ముఖం జొన్నచేనులా తయారైంది.

కార్డుకు పెద్దగా పని చెప్పని సేఫ్ మోడ్‌లో పెడితే మాత్రం బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. అంటే తప్పు కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ది, ఆ డ్రైవర్‌దేనని తేల్చేశాను. (చదువు ఎందుకు మరి!) పాత డ్రైవర్ పీకేశాను. కొత్తది దించుకోవాలంటే సిగ్నల్ మిద్దె మీద తప్ప దొరకదు. ఫోన్ పట్టుకుని నీళ్ళ ట్యాంకు పక్కన ఎండలో నిలబడితే, సగం దిగాక అడవి వైపు నుంచి గాలి వీచిందో ఏమో, మొత్తం మళ్ళీ మొదటికి. ఎలాగో దించి ఎక్కిస్తే, కొత్త డ్రైవర్ ఈ కార్డు చాలా పాతదని మొహం చిట్లించింది. ఇంకా పాతది వెతికి ఎక్కించాను. అది తీసి ఇంకోటి. ఈలోగా అన్న వెనక నిలబడి "ఒక్కసారి బంద్ చేసి చాలు చెయ్" అనే మంత్రం వదలలేదు. చాయ్ తాగడానికి వచ్చినవాళ్ళు కూడా "కరెంటు తక్కువైతుందేమో" అని తలా ఒక మాట అనిపోయారు. నాకు ఆ కంప్యూటర్‌ను ఎత్తి కిన్నెరసాని వాగులో పడేయాలన్నంత కోపం వచ్చింది. దసరా పండుగ నాకు అలా గడిచింది.

మరునాడు పొద్దున్నే అమ్మమ్మ, మనవరాలు వచ్చి బల్ల మీద కూర్చున్నారు. మనవరాలి ఒళ్ళో ప్రయాణం సంచి. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఏమీ తోచక టార్చి వేసి, నేల మీద బోర్లా పడుకుని, కార్డు కిందివైపు చూశాను. కార్డుకున్న చిన్న ఫ్యాన్ రెక్కల మధ్య, కాడతో సహా, నిండుగా ఒక బంతిపువ్వు! ఫ్యాన్ తిరగక, కార్డు మాడిపోతుంటే, పాపం ఆ డ్రైవర్ అన్నిసార్లు కోలుకుంది.

"అన్నా, గిక్కడ పువ్వెవరు పెట్టిన్రు?"

"నేనే. లోపల కష్టపడి తిరిగేది అదొక్కటే గదరా. దానికి పెట్టకపోతే ఎట్ల?"

తీయబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "పూజల పెట్టిన పువ్వు పీకుతవా? వాడినంక అదే రాలుతది. అప్పటిదాక ముట్టొద్దు."

"మరి మొన్నటిసంది నేను మీటలు నొక్కుతలేనా?"

"మీట నొక్కుడు వేరు, పువ్వు పీకుడు వేరు."

కార్డు ఎందుకు వేడెక్కుతుందో రెండు రకాలుగా వివరించాను. కార్డు సంగతి సరే, పూజ సంగతేంది అన్నాడు. బస్సు వేళ దగ్గర పడుతోంది. అప్పుడు ముసలమ్మ కర్ర పక్కన పెట్టి లేచింది. "జరుగుర్రి. దేవుని పువ్వు ఆడపిల్ల తలలకు పోతే ఏం దోషం కొడుకా?" అంటూ వంగి, పువ్వును మెల్లగా లాగి, మనవరాలి జడలో పెట్టింది. అన్న అప్పుడు నా చెయ్యి వదిలాడు.

డ్రైవర్ ఇక పడిపోలేదు. మిక్సింగ్‌కు టైం లేదు. నేను వేయాలనుకున్న గులాబీలు, హృదయాలు, పాటలు ఏవీ లేకుండా ఉన్నదున్నట్టు వేశాను. వంటవాళ్ళ తగువు, ఖాళీ కుర్చీలు, అన్నీ వచ్చాయి. ముసలమ్మ అన్నీ అడిగింది, మనవరాలు అన్నీ చెప్పింది. జీలకర్ర బెల్లం దగ్గరికొచ్చేసరికి నాకు సిగ్గేసింది. పెళ్ళికూతురు కెమెరాను చూడదు, పెళ్ళికొడుకును చూడదు, మాటిమాటికీ గేటు వైపు తల తిప్పుతుంది. కత్తిరించి పారేయాలని నేను గుర్తు పెట్టుకున్న ముక్క అదే.

"అటేం చూస్తున్నవే, లగ్గం పెట్టుకొని?" అంది ముసలమ్మ.

"నీ కోసమే అమ్మమ్మా. ఎట్లనన్న వస్తవేమోనని."

ముసలమ్మ మనవరాలి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు తిరిగి "బిడ్డా, గది ఇంకోసారి పెట్టు" అంది.

ఇప్పుడు ఖమ్మం ఖానాపురం హవేలిలో నాకే స్టూడియో ఉంది. మెషీన్ మంచిదే, డ్రైవర్లు వాటంతటవే సర్దుకుంటాయి. కానీ ఏ పెళ్ళికూతురైనా కెమెరా వదిలి ఎటో చూస్తుంటే, ఆ ముక్క కత్తిరించడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. "అటెందుకు చూస్తున్నదో ఏమో, గది ఎందుకు తీసెయ్యలే?" అని పెళ్ళివారు తిడుతుంటారు. డిప్లొమా పొగరుతో మిద్దె మీద ఎండలో ఫోన్ పట్టుకుని నిలబడిన ఆ కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటూ, ఆ తిట్లు పడతాను.